ఉంగరాల గడ్డానికి ఏది మేలు: ఫాయిల్ షేవరా, రోటరీనా, ట్రిమ్మరా?

అట్లాంటాలో నేను పనిచేసే చర్మవైద్య క్లినిక్‌కి వచ్చే నల్లజాతి మగవాళ్ళు తరచూ అడిగేది ఒకటే: "రేజర్ మానేద్దామనుకుంటున్నాను, ఏ ఎలక్ట్రిక్ షేవర్ కొనాలి?" ఈమధ్య ఇక్కడి తెలుగువాళ్ళూ అడుగుతున్నారు. కొందరు భర్త కోసం, కొందరు తమ గడ్డం కూడా ఉంగరాలు తిరిగి ఉండటం వల్ల.

ఏ కంపెనీది, ఎంత నున్నగా గీస్తుంది అన్నవి నా దృష్టిలో తర్వాతి సంగతులు. గీసుకున్నాక చర్మం పైన వెంట్రుక ఎంత మిగిలింది అన్నదే అసలు లెక్క. ఆఫ్రికా మూలాలున్న చాలామందిలో వెంట్రుక కుదురే వంపు తిరిగి ఉంటుంది. అక్కడి నుంచి వచ్చిన వెంట్రుక కొంచెం పెరగగానే వెనక్కి తిరిగి పక్కనున్న చర్మంలోకి దిగుతుంది. మరీ లోతుగా గీస్తే అసలు బయటికే రాకుండా లోపలే కుదురు గోడను పొడుస్తుంది. శరీరం దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టే చూస్తుంది: వాపు, దురద, మెడ మీద గట్టి పొక్కులు. ముదురు రంగు చర్మంలో పొక్కు తగ్గినా నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది, కొందరికి కెలాయిడ్ (మానాక ఉబ్బి పెరిగే గట్టి మచ్చ) కూడా వస్తుంది. నాలుగైదు బ్లేడ్ల రేజర్లతో బాధ ఎక్కువయ్యేది ఇందుకే. ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగితే వెనక బ్లేడు కోస్తుంది, మిగిలిన ముక్క చర్మం కిందికి జారిపోతుంది.

అందుకే నా ఓటు ట్రిమ్మర్‌కి. అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా వదిలేస్తే చూడటానికి నీటుగానే ఉంటుంది, కొస లోపలికి దిగే అవకాశం బాగా తగ్గుతుంది. ఒక జాగ్రత్త: బార్బర్ షాపుల్లో గీతలు దిద్దడానికి వాడే జీరో గ్యాప్ ట్రిమ్మర్‌ని (రెండు బ్లేడ్ల అంచులూ దాదాపు సమంగా ఉండేది) మెడకి అదిమి పట్టి వాడితే దాదాపు రేజర్‌తో గీసినట్టే.

నున్నగా ఉండక తప్పని ఉద్యోగాలున్నాయి. అగ్నిమాపక సిబ్బందికి మాస్కు ముఖానికి అతుక్కోవాలి. అమెరికా ఎయిర్ ఫోర్స్ ఈ పొక్కులున్నవాళ్ళకి 2020లో అయిదేళ్ళ మినహాయింపు తెచ్చింది, 2025లో నిబంధనలు మళ్ళీ బిగించారు. అలాంటివాళ్ళకి ఫాయిల్ షేవర్ చెబుతాను. పలుచని జల్లెడ లాంటి రేకు బ్లేడుకీ చర్మానికీ మధ్య అడ్డు ఉంటుంది. చర్మాన్ని సాగదీయకుండా, అదమకుండా, ఒక్కోచోట ఒకటి రెండుసార్లకి మించకుండా తిప్పాలి. ఇంకా గరుకుగా తగులుతోందని మళ్ళీ మళ్ళీ రుద్దితే ఫాయిల్ కొన్న లాభం పోతుంది. గుండ్రంగా తిరిగే బ్లేడ్లుండే రోటరీ షేవర్ గుండు గీసుకోవడానికి హాయిగా ఉంటుంది. మెడ మీద మాత్రం అన్ని దిక్కులకీ తిరిగే వెంట్రుకలని లాగుతుంది కాబట్టి నేను చెప్పను.

ఏది కొన్నా, పొక్కులు ఎర్రగా ఉన్నప్పుడు మొదలుపెట్టకండి. మూడు నాలుగు వారాలు గడ్డం పెరగనిస్తే లోపల ఇరుక్కున్న వెంట్రుకలు చాలావరకు తమంతట తామే బయటికి వస్తాయి. పట్టకారుతో పీకేయకూడదు. కొస పైకి కనిపిస్తే శుభ్రమైన సూదితో లేపి వదిలేస్తే చాలు.

ఇక మెయింటెనెన్స్. మొండిబారిన బ్లేడు వెంట్రుకని కోయకుండా లాగుతుంది, అప్పుడు మనిషి తెలియకుండానే ఇంకా గట్టిగా అదుముతాడు. వాడిన ప్రతిసారీ షేవర్ తల భాగాన్ని విప్పి దులపండి. ఫాయిల్ రేకుని మాత్రం బ్రష్‌తో రుద్దొద్దు, ఇట్టే చిరుగుతుంది. చిరిగిన రేకు చర్మాన్ని కోస్తుంది. నీళ్ళతో కడగదగ్గ మోడల్ అయితే కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ట్రిమ్మర్ బ్లేడుకి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి, ఆరాక ఒక చుక్క క్లిప్పర్ ఆయిల్ వేయండి. ఆల్కహాల్ నూనెను తీసేస్తుంది, ఆయిల్ వేయకపోతే బ్లేడు వేడెక్కి చర్మం మంట పుడుతుంది. ఫాయిల్, దాని కింద ఉండే కట్టర్ బ్లేడు సుమారు ఏడాదిన్నరకి మార్చాలి. రోజూ వాడుతూ, వేడి తెలుస్తుంటే ఇంకా ముందే. ఇంట్లోవాళ్ళదైనా సరే, ఒకరిది ఇంకొకరు వాడొద్దు.

వెంట్రుకలని కరిగించే షేవింగ్ పౌడర్‌ని ఇక్కడి నల్లజాతి కుటుంబాల్లో తరతరాలుగా వాడుతున్నారు. పని చేస్తుంది, కానీ వాసన ఘాటు, చెప్పిన నిమిషాలు మించి ఉంచితే చర్మం కాలుతుంది. ఇవేవీ పడనివాళ్ళు వెంట్రుకలు తగ్గించే లేజర్ చికిత్స గురించి అడగొచ్చు. ముదురు రంగు చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ ఉందో లేదో కనుక్కున్నాకే అపాయింట్‌మెంట్ తీసుకోండి.