దవడ కీలులో పీవీఎన్ఎస్: ఇప్పుడే ఆపరేషనా, కొన్నాళ్లు చూడటమా?

పీవీఎన్ఎస్ (పిగ్మెంటెడ్ విల్లోనాడ్యులర్ సైనోవైటిస్) కీలు లోపలి పొరలో పుట్టే అరుదైన గడ్డ, క్యాన్సర్ కాదు. ఎక్కువగా మోకాలికి వస్తుంది. చెవి ముందుండే దవడ కీలులో వస్తే లాలాజల గ్రంథి గడ్డ అనుకునే ప్రమాదముంది. అందుకే ముందు ఎంఆర్ఐ స్కాన్, బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష). గడ్డలో పేరుకున్న రక్తపు ఇనుము ఎంఆర్ఐలో నల్లగా కనబడుతుంది.

ఖర్చు: ఆపరేషన్‌కు ఒకేసారి పెద్ద మొత్తం. విశాఖలో ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు వెళితే ఆ భారం తగ్గుతుంది. ఆగితే స్కాన్లు మళ్లీ మళ్లీ. పాడేరు నుంచి వచ్చేవారికి దారిఖర్చు, పోయిన కూలి కూడా లెక్కే.

శ్రమ: ఆపరేషన్ తర్వాత మెత్తని తిండి, నోరు తెరిచే వ్యాయామాలు. ఆగితే వాయిదా తప్పకుండా చూపించుకోవాలి.

ప్రమాదం: అసలు తూకం ఇక్కడే. కీలు పక్కనే ముఖ నరం ఉంటుంది. ఆపరేషన్‌లో అది దెబ్బతింటే కన్ను మూయడం, నవ్వడం కష్టమవుతుంది. పూర్తిగా తీయకపోతే గడ్డ మళ్లీ వస్తుంది, తీసినా కొందరిలో వస్తుంది. ఆగితే మరో భయం: కీలుకు పైకప్పు పుర్రె ఎముకే. గడ్డ దాన్ని తినేస్తే మెదడు పొర దాకా పోగలదు, వినికిడీ తగ్గవచ్చు.

ఎముక అరుగుతున్నా, నోరు తెరుచుకోకపోయినా, చెవి మందగిస్తున్నా ఆపరేషనే. ఈ చోట నా మొగ్గు కూడా అటే. గడ్డ చిన్నదై, నొప్పి లేక, ఎముక చెక్కుచెదరకుండా ఉంటే, లేదా వయసు, గుండె జబ్బు మత్తుమందుకు అడ్డమైతే, డాక్టరు ఒప్పుకుంటే స్కాన్లతో కనిపెట్టుకుని ఉండొచ్చు.