పాటల సీడీలు దాచాలా, డౌన్‌లోడ్ చాలా?

బతుకమ్మ దగ్గర పడుతుందంటే చాలు, హన్మకొండ నుంచి జగిత్యాల దాకా ఇదే ప్రశ్న: "ఇంట్లో ఈ సీడీలు ఇంకెందుకు? అన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటే అయిపోదా?" వినడం వరకైతే అయిపోతుంది. వాకిట్లో సౌండ్ బాక్సు పెట్టి ఆడుతుంటే సీడీకీ, కొంత ధ్వనిని వదిలేసి సైజు తగ్గించిన 320 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఎంపీ3కీ తేడా ఎవరి చెవికీ అందదు. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకున్నా పట్టుకునేవాళ్లు తక్కువే. ఆ పంచాయితీ పక్కన పెడదాం. చూడాల్సింది మూలం: ఆ పాట మీదాకా వచ్చేలోపు ఎన్ని చేతులు మారింది?

ఒరిజినల్ ఆడియో సీడీ అయితే లెక్క తెలిసిందే. సెకనుకు 44,100 శాంపిళ్లు, 16 బిట్లు, నిమిషానికి దాదాపు 10 ఎంబీ. కాకపోతే చౌరస్తాల్లో కొన్నవన్నీ ఆడియో సీడీలు కావు. ఆడియో సీడీలో పట్టేది 80 నిమిషాలే. అట్ట మీద '100 పాటలు' అని ఉందంటే అది ఎంపీ3 డిస్కు. అనుమానముంటే కంప్యూటర్లో పెట్టండి. విండోస్‌లో 'ట్రాక్01.సీడీఏ' అంటూ ఒక్కోటి 1 కేబీ చొప్పున వరుసగా కనబడితే అసలుదే. నాలుగైదు ఎంబీల ఎంపీ3 ఫైళ్లు కనబడితే అది ప్లాస్టిక్ మీదికెక్కిన డౌన్‌లోడే. ఫైళ్లు దించుకుంటే చాలు, డిస్కు దాచక్కర్లేదు.

డౌన్‌లోడ్‌తో ఇబ్బంది ఇక్కడే. ఫ్లాక్ అంటే ధ్వని ఏమీ పోకుండా సైజు తగ్గించే ఫైలు రకం, అందుకే పేరు చివర ఫ్లాక్ అని ఉంటే అసలు సరుకనుకుంటారు. 128 కేబీపీఎస్ ఎంపీ3ని ఫ్లాక్‌గా మారిస్తే సైజు పెరుగుతుంది గానీ పోయిన ధ్వని తిరిగి రాదు. స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి చూడండి. అందులో కనబడే ధ్వని పౌనఃపున్యాల బొమ్మ 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే మధ్యలో ఎంపీ3 అయి వచ్చినట్టే అనుకోవాలి. పాత రికార్డింగుల్లో పైస్థాయి మెల్లగా పలచబడుతుంది, దాన్ని తప్పుబట్టకండి. ఎంపీ3తో ఇంకో చికాకు: ప్రతి ఫైలుకూ ముందూ వెనకా చిన్న ఖాళీ చేరుతుంది. విడి పాటల్లో తెలియదు. ఒగ్గు కథ లాంటిది ముక్కలు చేసి ఎక్కిస్తే డోలు దెబ్బ మధ్యలోనే తెగుతుంది. ఫ్లాక్‌లో ఆ గొడవ లేదు.

కాబట్టి నా ఓటు సీడీకే, అయితే ప్లేయర్‌లో తిప్పడానికి కాదు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే విండోస్ సాఫ్ట్‌వేర్‌లో సెక్యూర్ మోడ్ పెట్టి, 'టెస్ట్ అండ్ కాపీ'తో ఫ్లాక్‌గా దించండి. ప్రతి ట్రాకునూ రెండుసార్లు చదువుతుంది. రెండుసార్లూ వచ్చే సీఆర్‌సీ (సరిచూసుకునే) అంకెలు కలిస్తే కాపీ సరిగ్గా వచ్చిందని నమ్మొచ్చు. కలవకపోతే డిస్కును మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడిచి మళ్లీ ప్రయత్నించండి, గుండ్రంగా తుడవద్దు. మెరిసే వైపు గీతలకు అందరూ భయపడతారు గానీ అసలు ప్రమాదం బొమ్మ ఉన్న వైపే. అల్యూమినియం పొర ఆ లక్క పూత కిందే ఉంటుంది, అది లేస్తే పాట పోయినట్టే. ఇంట్లో రైట్ చేసుకున్న డిస్కులు ఎండకు ఇంకా తొందరగా పాడవుతాయి, మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదలకండి.

దించాక రెండు చోట్ల దాచండి. ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో, ఇంకోటి వేరే ఇంట్లో. గంట ఆల్బమ్ ఫ్లాక్‌లో సుమారు 350 ఎంబీ అవుతుంది, అంటే 32 జీబీలో ఎనభై పైనే పడతాయి. కారుకు మాత్రం 320 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చి, పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. చాలా స్టీరియోలు ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌ను చదవవు. ఫైలు పేర్ల ముందు 01, 02 అని పెట్టకపోతే వరుస తారుమారవుతుంది. తెలుగు పేర్లు గళ్లుగా కనబడితే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవడమే దారి.

యాప్‌లో 'డౌన్‌లోడ్' నొక్కి దాచుకున్నవి లెక్కలోకి రావు, చందా ఆగితే అవీ ఆగుతాయి. ఎల్పీ రికార్డులు సరదా ఉన్నవాళ్లకు.

క్యాసెట్ సంగతి వేరు. పల్లె పాటల్లో కొన్నింటికి అదొక్కటే మూలం. కంప్యూటర్లోకి ఎక్కించడానికి వేసేముందు రీలును ఒకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ తిప్పండి. ప్లేయర్‌లో రీలును చదివే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రీలు వెనక ఉండే చిన్న మెత్త ఊడిందేమో చూడండి, అది లేకపోతే పాట మందంగా వినిపిస్తుంది. సీ-60 (అరవై నిమిషాల క్యాసెట్) ఎక్కించడానికి గంట పడుతుంది, ఆ గంటా దగ్గరే కూర్చోండి.