ల్యాండ్‌స్కేప్ ఫోటోలకి అండమానా, లక్షద్వీపా: ఏది మేలు?

డిసెంబర్ దగ్గరపడితే చాలు, ట్రైపాడ్ ఉన్న మిత్రులందరిదీ ఒకటే ప్రశ్న: అండమాన్ వెళ్లమంటారా, లక్షద్వీప్ వెళ్లమంటారా? ఇంటిల్లిపాదీ సరదాగా తిరిగి రావడానికైతే ఏదైనా బాగుంటుంది. నేను రాస్తున్నది తెల్లవారుజామున లేచి వెలుగు కోసం కాచుకునేవాళ్ల కోసం.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే. వెలుగు బాగున్న ఆ కాసేపు మీరు ఒడ్డున ఉండగలరా, లేదా? ఇంత దక్షిణాన సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు. అస్తమయం తర్వాత రంగు నిలిచేది ఇరవై నిమిషాలు, మహా అయితే ఇంకాసేపు. తీరిగ్గా చోటు వెతుక్కునే వీలుండదు. పైగా ఒకటి తూర్పున, ఇంకొకటి పడమర ఉన్నా దేశమంతటికీ గడియారం ఒకటే. జనవరిలో, శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో సాయంత్రం 5:15 ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. లక్షద్వీప్‌లోని అగత్తిలో 6:30 దాటాలి. హైదరాబాద్ అలవాటులో ఐదింటికి టీ తాగి బయల్దేరితే అండమాన్‌లో చీకటే మిగులుతుంది.

లక్షద్వీప్ దీవులు చిన్నవి. అగత్తి వెడల్పు కిలోమీటరు లోపే. ఉదయం తూర్పు ఒడ్డు, సాయంత్రం పడమటి ఒడ్డు, రెండూ నడకదూరమే. ఈ లెక్కన అదే గెలవాలి. కానీ కొచ్చి నుంచి వెళ్లే ఓడ ప్యాకేజీలో పగలు దీవి మీద తిప్పి సాయంత్రానికి మళ్లీ ఓడెక్కిస్తారు, రాత్రి బస అందులోనే. మనకి కావాల్సిన రెండు పూటలూ డెక్ మీదే అయిపోతాయి. బంగారం, కద్మత్, అగత్తిలాంటి దీవుల మీదే బస దొరికితేనే ఆలోచించండి. అప్పుడు కూడా ఫ్రేమ్‌ ముందుభాగంలో పెట్టడానికి ఏదైనా దొరుకుతుందేమో అని వెతుక్కోవాలి. పగడపు దీవులు నీటికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. ఇసుక, కొబ్బరిచెట్లు, నీళ్లు, అంతే. లగూన్ (పగడపు దిబ్బల లోపలి లోతు తక్కువ నీళ్లు) రంగు మాత్రం అద్భుతం. అయితే ఎండ నడినెత్తిన ఉండి, వెలుగు నిలువుగా దిగి అడుగున తెల్ల ఇసుకని తాకినప్పుడే ఆ నీలం పూర్తిగా విచ్చుకుంటుంది. మనలో చాలామంది కెమెరా లోపల పెట్టేసే సమయం అది.

అండమాన్‌లో అడవి నేరుగా సముద్రం దాకా వస్తుంది. రాళ్లు, వేర్లు, ఒడ్డున ఒరిగిపోయిన మానులు, వెనక కొండల వరుస... ఫ్రేమ్‌లో లోతు దానంతటదే వస్తుంది. అందులోనూ నా ఓటు నీల్ దీవికి. సూర్యోదయానికి సీతాపూర్, అస్తమయానికి లక్ష్మణ్‌పూర్, స్కూటర్ మీద ఆ కొస నుంచి ఈ కొసకి పావుగంట, ఇరవై నిమిషాలు. అక్కడ సహజంగా ఏర్పడిన రాతి వంతెన దగ్గర నీళ్లు వెనక్కి తీస్తే గరుకు పగడపురాయి మీద చిన్న చిన్న మడుగులు తేలతాయి. ట్రైపాడ్ కిందకి దించి పోలరైజర్ (నీటి మీది మెరుపు తగ్గించే ఫిల్టర్) తిప్పితే ఒక మలుపులో మడుగు అడుగున సముద్రదోసకాయ అనే జీవి కనిపిస్తుంది, ఇంకో మలుపులో ఆకాశం మొత్తం అందులోకి దిగుతుంది. ఇంత మంచి చోటుకి టూర్లవాళ్లు పూట కేటాయించి మధ్యాహ్నం ఫెర్రీ ఎక్కించేస్తారు! దయచేసి రెండు రాత్రులైనా ఉండండి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికొస్తే లెన్స్ ఆవిరి పట్టేస్తుంది. బ్యాగ్‌ని అరగంట ముందే వరండాలో పెట్టుకోండి.

హేవ్‌లాక్ దీవిలో రాధానగర్ బీచ్ అందమైనదే, కానీ పొద్దు గుంకగానే ఈల వేసి పంపించేస్తారు, అసలు రంగు అప్పుడే మొదలవుతుంది. అక్కడికి వెళ్తే ఉదయం కాలాపత్థర్ బీచ్‌కి సమయం పెట్టండి. ఉత్తర అండమాన్‌లో దిగ్లిపూర్ వైపు రాస్, స్మిత్ దీవుల్ని కలిపే ఇసుకదారి గొప్పగా ఉంటుంది, కాకపోతే పడవలు పగటిపూటే నడుస్తాయి. రోడ్డున వెళ్తే దారి జరావా ఆదివాసుల అడవి గుండా పోతుంది. అక్కడ కెమెరా బ్యాగ్ జిప్ తీయకండి. వాళ్ల ఫోటోలు తీయడం నేరం, నేరం కాకపోయినా తీయకూడదు. డ్రోన్ అయితే అనుమతి చేతికి రానిదే ఇంట్లోంచే తీసుకెళ్లొద్దు.

మాల్దీవులా? లక్షద్వీప్ లాంటివే, ఖర్చు ఎక్కువ. బాలి అగ్నిపర్వతాలకీ మెట్ల పొలాలకీ మంచిది, సముద్రం కోసం అంతదూరం అక్కర్లేదు.

టికెట్ కొనేముందు ఆటుపోట్ల పట్టిక చూడండి. నీళ్లు తీసే సమయం రోజుకి దాదాపు 50 నిమిషాలు జరుగుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర బాగా వెనక్కి తీస్తాయి. ఆ సమయం సూర్యాస్తమయంతో కలిసే రోజులు ఎంచుకుని, సెలవులు వాటి చుట్టూ పెట్టుకోండి. పోర్ట్ బ్లెయిర్‌లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన జాలరి కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఏ ఒడ్డున నీళ్లు ఎంత దూరం తీస్తాయో పట్టికలో ఉండదు, వాళ్లని తెలుగులోనే అడగండి.