సుంకి ఘాట్ ఎక్కాలంటే ఏది మేలు: ఫార్చ్యూనరా, బెంజ్ జీఎల్‌సీనా?

ఈ నాలుగు నెలల్లో ఒడిశాలోని మా జయపురంలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. మిల్లు దగ్గర అడిగారు, కొరాపుట్‌లో పెళ్లికి వెళితే భోజనాల బంతిలో అడిగారు, రాయగడ నుంచి మా బావ ఫోన్ చేసి మరీ అడిగాడు. "అంత డబ్బు పెట్టేవాడివి, ఫార్చ్యూనర్ మానేసి బెంజ్ ఎందుకు తీసుకున్నావు? మన రోడ్లకి అది ఆగుతుందా?" అందరికీ ఒకేసారి జవాబు చెప్పినట్టు ఉంటుందని ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో రెండు బళ్లూ ఉన్నాయి. తమ్ముడిది టయోటా ఫార్చ్యూనర్, డీజిల్ ఆటోమేటిక్, ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలూ లాగేది. మూడేళ్లు దాటింది, లక్ష కిలోమీటర్లు దాటింది. నాది జీఎల్‌సీ 220డి, తిరిగింది 7,400 కిలోమీటర్లు. కాబట్టి ఫార్చ్యూనర్ గురించి చెప్పేది బాగా తేలిన మాట. జీఎల్‌సీ గురించి చెప్పేది ఒక వర్షాకాలం చూసిన మాట మాత్రమే.

నా నిర్ణయం ఇంజిను చూసి తీసుకున్నది కాదు, బ్యాడ్జి చూసి తీసుకున్నది అంతకంటే కాదు. వెనక సీటు చూసి తీసుకున్నాను.

మా అమ్మకి డెబ్బై నాలుగేళ్లు. నెలకోసారి విశాఖలో గుండె డాక్టరుకి చూపించాలి. జయపురం నుంచి వెళ్లడానికి దాదాపు 220 కిలోమీటర్లు. ముందు జయపురం ఘాట్ ఎక్కి కొరాపుట్ చేరాలి. అది సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నుంచి సునాబెడ, సెమిలిగుడ, పొట్టంగి దాకా బాగానే సాగుతుంది. సుంకి దాటాక ఆ ఎత్తంతా కొన్ని కిలోమీటర్లలోనే దిగిపోవాలి, మలుపు మీద మలుపు. సాలూరు లారీలు ఎదురొస్తుంటాయి. మనం లోపలివైపు ఆగి, అవి వెళ్లాక మళ్లీ స్టీరింగ్ తిప్పాలి. ఈ దారిలో తిరిగినవాళ్లకి ఇంతకుమించి చెప్పక్కర్లేదు.

అమ్మ పెళ్లయి జయపురం వచ్చినప్పటి నుంచి ఈ ఘాట్ ఆమెకి పడదు. బస్సులో వెళ్లిన రోజుల్లో కొంగు చివర నిమ్మకాయ కట్టుకుని బయల్దేరేది. ఫార్చ్యూనర్ వచ్చాక కూడా ఆ నిమ్మకాయ వెంట ఉండేది. సుంకి దగ్గర ఒకసారి, సాలూరులో ఒకసారి బండి ఆపి, కాసేపు గాలి పీల్చుకున్నాకే కదిలేవాళ్లం. ఇంటికి తిరిగొచ్చిన మర్నాడంతా పడుకునే ఉండేది. గుండె చూపించుకోవడానికి వెళ్లి ఇలా నీరసపడి రావడం మాకు పెద్ద టెన్షన్‌గా ఉండేది.

ఇది ఫార్చ్యూనర్ తప్పు కాదు. ఆ బండి తయారైన తీరే వేరు. లారీకి ఉన్నట్టు కింద నిచ్చెనలాంటి ఛాసీ, దాని మీద బాడీ. వెనక రెండు చక్రాలకీ కలిపి ఒకే గట్టి యాక్సిల్. బరువు మోయడానికి, గోతుల్లో పడినా విరగకుండా ఉండడానికి అదే సరైన పద్ధతి. కానీ ఒక చక్రం గోతిలో పడితే ఆ కుదుపు రెండో వైపుకీ పాకుతుంది. పైగా ఎత్తు 1,835 మిల్లీమీటర్లు. మలుపు తిరిగేటప్పుడు పైన కూర్చున్నవాళ్ల తల ఎక్కువ దూరం ఊగుతుంది. ముందు కూర్చుని డ్రైవ్ చేసేవాడికి స్టీరింగ్ పట్టు ఉంటుంది, రాబోయే మలుపు ముందే తెలుస్తుంది. వెనక ఉన్న పెద్దావిడకి ఆ రెండూ ఉండవు.

జీఎల్‌సీ ఎత్తు 1,640 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 20 సెంటీమీటర్లు తక్కువ. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం ఫార్చ్యూనర్‌లో 2,745 మిల్లీమీటర్లు, జీఎల్‌సీలో 2,888. పొట్టిగా, బారుగా ఉన్న బండి అన్నమాట. నాలుగు చక్రాలూ దేనికది విడిగా ఆడతాయి. ఈ అంకెలు కాగితం మీద చదివితే ఏమీ అనిపించవు. సుంకి మలుపుల్లో మాత్రం ఒళ్లు చెప్పేస్తుంది.

కొనకముందు షోరూంవాళ్లని ఒకటే అడిగాను: బీచ్ రోడ్డులో తిప్పి చూపించొద్దు, సాలూరు దాటి ఘాట్ దాకా ఇవ్వండి అని. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. అమ్మ అప్పుడు విశాఖలో మా చెల్లి ఇంట్లో ఉంది. వెనక కూర్చోబెట్టుకుని ఘాట్ ఎక్కి, మళ్లీ దిగాను. దిగాక అమ్మ అద్దంలోంచి బయటికి చూసి అడిగిన మాట నాకింకా గుర్తుంది. "ఒరే పెద్దోడా, అప్పుడే సాలూరు వచ్చేసిందేటి?" నిమ్మకాయ సంచిలోనే ఉంది. నేను ఆ రోజే అడ్వాన్స్ ఇచ్చేశాను.

ఎక్కడం, దిగడం కూడా చెప్పాలి. ఫార్చ్యూనర్ ఎక్కాలంటే అమ్మ పక్కనున్న మెట్టు మీద కాలు పెట్టి, పైన పిడి పట్టుకుని, మోకాలి మీద బరువు వేసి లేవాలి. వెనక నుంచి ఎవరో ఒకరు చెయ్యి వేసేవాళ్లం. జీఎల్‌సీలో సీటు మీద కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటుంది, సాయం అడగదు. ఇంట్లో మోకాళ్ల నొప్పులవాళ్లు ఉంటే ఏ బండికైనా ముందు ఇదే పరీక్ష పెట్టండి.

ఇక రెండో వైపు. ఫార్చ్యూనర్ గెలిచే చోట మామూలుగా కాదు, బాగా గెలుస్తుంది.

ఇంజిను లెక్క చూస్తే బలం దాదాపు సమానం. ఫార్చ్యూనర్ 2.8 లీటర్ల డీజిల్‌కి 201 హార్స్‌పవర్, ఆటోమేటిక్‌లో 500 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే శక్తి. జీఎల్‌సీ 220డి రెండు లీటర్ల డీజిల్‌కి 197 హార్స్‌పవర్, 440 న్యూటన్ మీటర్లు. దానికి తోడు 48 వోల్టుల చిన్న మోటారు 23 హార్స్‌పవర్ దాకా సాయం చేస్తుంది. లారీ వెనక చిక్కుకుని, సందు దొరికి దాటాల్సినప్పుడు ఆ సాయం వెంటనే తెలుస్తుంది. తొమ్మిది గేర్లు ఉండటంతో ఇంజిను అరవకుండా ఎక్కుతుంది. కానీ కోతల కాలంలో బొయిపరిగుడ అవతల ధాన్యం చూడటానికి వెళ్లాలన్నా, మల్కన్‌గిరి వైపు వాగు దాటాలన్నా నేను తమ్ముడి తాళమే అడుగుతాను. నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేరు, నేలకి ఎత్తు, కింద తగిలినా లెక్కచేయని ఒళ్లు ఉన్న బండి అది. జీఎల్‌సీకి నాలుగు చక్రాలకీ బలం వెళ్తుంది కానీ లో రేంజ్ లేదు. జారే మట్టిలో గట్టెక్కుతుంది, అంతే.

అన్నిటికన్నా పెద్ద తేడా టైర్లలో ఉంది. జీఎల్‌సీ టైరు 235/55 ఆర్19. ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్ టైరు 265/60 ఆర్18. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది అందులో ఎన్నో శాతం గోడ ఎత్తు ఉందో చెప్తుంది. రబ్బరు గోడ ఎత్తు లెక్కేస్తే మొదటిదానికి దాదాపు 129 మిల్లీమీటర్లు, రెండోదానికి 159. ఆ మూడు సెంటీమీటర్ల రబ్బరే గోతికీ రిమ్ముకీ మధ్య ఉండే పరుపు. ఆగస్టులో పొట్టంగి దగ్గర పొగమంచులో ఒక గొయ్యి కనబడలేదు. ఎడమ ముందు చక్రం గట్టిగా దిగింది. గాలి పోలేదు కానీ ఇంటికొచ్చి చూస్తే టైరు పక్కన ఉసిరికాయంత ఉబ్బు వచ్చింది. అలా ఉబ్బిన టైరుతో ఘాట్ దిగకూడదు. ఆ సైజు జయపురంలోనూ లేదు, కొరాపుట్‌లోనూ లేదు. విశాఖ నుంచి వచ్చేదాకా రెండు రోజులు బండి షెడ్డులోనే ఉంది. అదే ఫార్చ్యూనర్ అయితే కింద పూర్తి సైజు స్పేర్ వేలాడుతుంటుంది, అరగంటలో మార్చుకుని పోయేవాళ్లం. ఖరీదైన బళ్లలో ఎక్కువగా సన్నటి స్పేరే ఉంటుంది, కొన్నిటిలో అదీ ఉండదు.

అందుకే ఇప్పుడు కొత్త టైరు ఒకటి ఇంట్లోనే కొని పెట్టుకున్నాను, అదే కంపెనీ, అదే నమూనా. నాలుగు చక్రాలూ లాగే బండికి టైర్లు ఒకలాంటివే ఉండాలి. ఈ జిల్లాల్లో ఇలాంటి బండి కొనేవాళ్లు ఆ ఖర్చు మొదటి రోజే లెక్కలో వేసుకోండి. గాలి కూడా నెలకోసారి కాదు, ఘాట్ దిగే ప్రతిసారీ చూసుకోండి.

సర్వీసు సంగతి తేలిగ్గానే చెప్పొచ్చు. ఫార్చ్యూనర్‌కి ఏమైనా అయితే దగ్గర్లోనే చూసే చేతులున్నాయి. జీఎల్‌సీకి విశాఖ వెళ్లాల్సిందే. మాకు ఎలాగూ నెలకోసారి విశాఖ ప్రయాణం ఉంది కాబట్టి, అమ్మ ఆసుపత్రిలో ఉండగా బండి వర్క్‌షాపులో ఉంటుంది. విశాఖతో అంత పని లేనివాళ్లకి ఇది భారమే. వారంటీ బెంజ్‌ది మూడేళ్లు, కిలోమీటర్ల పరిమితి లేదు. టయోటాది మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. మాలాగా తిరిగేవాళ్లకి ఆ తేడా చిన్నది కాదు.

చాలామంది భయపడే యాడ్‌బ్లూ గురించి ఒక మాట. డీజిల్ పొగని శుభ్రం చేయడానికి జీఎల్‌సీలో విడిగా పోసే ద్రవం అది, మన లారీవాళ్లు యూరియా అంటారే, అదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త పెద్ద లారీలన్నిటికీ అది కావాల్సిందే. సాలూరు లారీల ఊరు, జయపురంలో మిల్లు లారీలకి కొదవ లేదు. ఎక్కడ పడితే అక్కడ డబ్బాలు దొరుకుతాయి. సీలు ఉన్నదే కొనండి, విడిగా పోసేది వద్దు.

జీఎల్‌సీలో నాకు ఇంకా అలవాటు కానివి రెండు. ఏసీ తగ్గించాలన్నా తెర మీదే నొక్కాలి, కుదుపుల రోడ్డులో వేలు పక్కకి పోతుంది. వెనక మధ్యలో నేల ఎత్తుగా ఉంటుంది, మూడో మనిషి విశాఖ దాకా కూర్చోలేడు. ఇంట్లో ఆరుగురు, ఏడుగురు కలిసి తిరిగేవాళ్లయితే ఈ చర్చే అక్కర్లేదు, మూడో వరస ఉన్నది ఫార్చ్యూనరే. నచ్చినది తక్కువ వేగంలో బానెట్ కింద నేలని తెర మీద చూపించే కెమెరా. రాళ్లున్న మలుపుల్లో చాలా పనికొస్తోంది.

డబ్బు మాటకొస్తే, రెండింటి మధ్య తేడా పాతిక లక్షలకి తక్కువ ఉండదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్సు పోయి మొత్తం 40 శాతమే అయింది కాబట్టి రెండూ దిగాయి, తేడా మాత్రం తేడాగానే ఉంది. మిల్లు పేరు మీద కొంటే జీఎస్టీ వెనక్కి వస్తుందా అని మనవాళ్లు అడుగుతుంటారు. సొంతంగా తిరిగే కార్ల మీద ఆ క్రెడిట్ రాదు. అమ్మేటప్పుడు ఫార్చ్యూనర్‌కి వచ్చే ధర ఏ లగ్జరీ బండికీ రాదు, ఇది నేనూ ఒప్పుకుంటాను. విశాఖలో కొన్నా, ఉండేది ఇక్కడే కాబట్టి తాత్కాలిక నంబరుతో తెచ్చుకుని మన కొరాపుట్ జిల్లా నంబరు ఓడీ-10 మీదే రిజిస్టర్ చేయించుకోండి. ఆంధ్రా నంబరుతో ఏళ్లకేళ్లు ఇక్కడ తిరగడం మంచిది కాదు.

మిగతావి కూడా చూశాను. బీఎండబ్ల్యూ ఎక్స్3 డీజిల్‌కీ 197 హార్స్‌పవరే. డ్రైవ్ చేసేవాడికి దానికి మించింది లేదు, కానీ వెనక కూర్చుంటే నాకు కాస్త గట్టిగా అనిపించింది. వోల్వో ఎక్స్‌సీ60 సీట్లు చాలా బాగున్నాయి, అయితే ఇక్కడ పెట్రోల్ ఒక్కటే. ఆడి క్యూ5 కూడా అంతే. డిఫెండర్ ధర మా లెక్క దాటిపోయింది.

మా బావకి నేను చెప్పింది ఇది. రాయగడ నుంచి గుణుపురం, కాశీపూర్ వైపు సైట్లకి తిరిగే మనిషివి, ఇంట్లో పెద్దవాళ్లు దూరాలు వెళ్లరు, నీకు ఫార్చ్యూనరే. ఘాట్ దిగి విశాఖ ఆసుపత్రికి పెద్దవాళ్లని తీసుకెళ్లే ఇల్లయితే, డబ్బుకి ఇబ్బంది లేకపోతే, రెండో ఆలోచన లేకుండా జీఎల్‌సీ లాంటిది. రాయపూర్-విశాఖ ఆరు వరసల కొత్త రహదారి, 464 కిలోమీటర్లది, పూర్తిగా వాడుకలోకి వచ్చాక ఈ లెక్క మారొచ్చు. అప్పటిదాకా మాకు సుంకి ఘాటే దారి.

వచ్చే మంగళవారం అమ్మకి మళ్లీ చెకప్ ఉంది. ఆ రోజు నాకు మిల్లులో లోడింగ్, కదలడం కుదరదు. తమ్ముడు తీసుకెళ్తానన్నాడు. నిన్న రాత్రే వచ్చి జీఎల్‌సీ తాళం పట్టుకెళ్లాడు.