కావలి పెరట్లో ఉర్లగడ్డ: ఐదు శీతాకాలాల తర్వాత విత్తన దుంపల మీద నా మాట

అంగట్లో కిలో 30, 40 రూపాయలకు దొరికే ఉర్లగడ్డ (బంగాళాదుంప) కోసం, కొరియర్‌తో కలిపి కిలో 190 పెట్టి విత్తన దుంపలు తెప్పించుకునే మనిషిని నేను. అదీ ఒక్కసారి కాదు. మా అత్తమ్మ మొదటి ఏడే అన్నది, "చలి దేశం గడ్డమ్మే అది, మన ఉప్పు గాలికి ఊరుద్దా?" అని. ఆమె చెప్పినదాంట్లో సగం నిజమే.

మాది నెల్లూరు జిల్లా కావలి. ఇంటి వెనక కొంచెం పెరడు, ఎర్రమట్టి, ఒక మూల మునగచెట్టు. 2020 చలికాలంలో కూరగాయల బుట్టలో మొలకలొచ్చిన గడ్డలు నాలుగు కనిపిస్తే పారేయబుద్ధి కాక నాటాను. నవంబర్, డిసెంబర్‌లో మనకు వచ్చే గడ్డలు చాలావరకు ఫిబ్రవరి, మార్చిలో తవ్వి కోల్డ్ స్టోరేజీలో పెట్టినవే. వాటి నిద్ర ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, బయట పెడితే పది రోజుల్లో కళ్ళు విచ్చుకుంటాయి. అదే జనవరిలో వచ్చే కొత్త గడ్డ అయితే రెండు నెలలు దాటినా ఉలకదు, పలకదు. నేను నాటినవి మోకాలెత్తు పెరిగాయి. ఇరుగుపొరుగు వచ్చి చూసి మెచ్చుకున్నారు కూడా. ఫిబ్రవరిలో తవ్వితే గోలీకాయలు! నాలుగు మొక్కలకూ కలిపి ఒక పూట వేపుడుకి కూడా చాలలేదు.

కారణం తర్వాత తెలిసింది. ఉర్లగడ్డకు పగటి ఎండతో కంటే రాత్రి చలితోనే పని. రాత్రి 18, 20 డిగ్రీలకు దిగితేనే ఆకు చేసిన పిండిపదార్థం కిందికి దిగి దుంప ఊరుతుంది. రాత్రి వెచ్చగా ఉంటే అదంతా ఆకుకీ కాడకీ పోతుంది. మన దగ్గర సంక్రాంతి రోజుల్లో కూడా రాత్రి 20 దగ్గరే ఊగిసలాడుతుంది. అంటే మనం అంచు మీద ఉన్నాం. రకం సరిగ్గా లేకపోతే ఎంత ఎరువేసినా పందిరికి పెంచినట్టే.

ఆ అంచు మీద పనికొచ్చేది కుఫ్రి సూర్య అనే రకం. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ వేడిని తట్టుకునేలా తయారుచేసి 2006లో విడుదల చేసింది. పేర్లో కుఫ్రి అనేది సిమ్లా దగ్గర ఊరు, ఆ సంస్థ రకాలన్నిటికీ ఆ పేరు ముందుంటుంది. రాత్రి 20 డిగ్రీలున్నా ఇది గడ్డ పడుతుంది. గడ్డ కోలగా, తొక్క తెల్లగా ఉంటుంది. పుఖ్‌రాజ్ అనే ఇంకో రకం కూడా ఒకసారి వేశాను. మొక్క త్వరగా ఎదిగింది, దుంప మాత్రం సూర్యలో సగమే.

రకం ఒక్కటే సరిపోదని 2021లో తెలిసింది. నవంబర్ మొదటి వారంలో, దుంపలు కోసి, ముక్కకి రెండు కళ్ళుండేలా చూసి, బూడిద అద్ది మురిసిపోతూ నాటాను. పెన్నా పొంగి నెల్లూరు చుట్టుపక్కల ఊళ్లు మునిగిన నవంబర్ అది. వాన వెలిసిన వారానికి వేలితో మట్టి తీసి చూస్తే ముక్క చేతికి రాలేదు, వేలు అందులో దిగబడింది. ఆ కంపు సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు. రెండు కిలోల విత్తనంలో మిగిలినవి ఐదు మొక్కలు.

అప్పటినుంచి కోయడం మానేశాను. కోడిగుడ్డంత దుంపలు ఏరి, కోయకుండా నాటుతున్నాను. ఉత్తరాదిలో కోసి నాటితే నడుస్తుందేమో గానీ, మన తేమకీ వేడికీ కోసిన ముఖం నుంచే కుళ్ళు మొదలవుతుంది. తేదీ కూడా మార్చాను. డిసెంబర్ 10 దాటేదాకా మట్టి ముట్టను. 2023లో తొందరపడి నవంబర్ ఆఖర్లో నాటితే డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను మడి మొత్తం చెరువు చేసింది. వరండాలోకి లాగిన నాలుగు గోనెసంచుల్లోనివే బతికాయి. ఆలస్యం చేస్తే మాత్రం మార్చి ఎండ పట్టుకుంటుంది. ఈశాన్య వానలకీ ఆ ఎండకీ మధ్య మనకు దొరికేది 80 రోజుల సందు. సూర్య అందులో సరిగ్గా ఇమిడిపోతుంది.

ఆన్‌లైన్ విత్తనం గురించి నా ఫిర్యాదు ఒకటుంది. ఒక అమ్మకందారు దగ్గర రెండు కిలోలు సూర్య అని తెప్పిస్తే, ఆరు దుంపలు దారిలోనే కుళ్ళాయి, నాలుగు ఎర్ర తొక్కవి. అడిగితే ఫొటో పంపమన్నారు, పంపాను, అంతే సంగతులు. తర్వాతి ఏడు తెలిసినవాళ్లు చిత్తూరు జిల్లా పలమనేరు నుంచి వస్తుంటే అక్కడి రైతు దగ్గర కిలోన్నర తెప్పించుకున్నాను. అటువైపు ఉర్లగడ్డ మామూలు పంట. ఒక్క దుంప పాడవలేదు. మీకు అటు చుట్టాలుంటే కొరియర్ జోలికి పోకండి.

మడి సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి, మూరెడు దూరంలో బోదెలు, జానెడుకో దుంప. వంగ, టమాటా, మిరప వేసిన చోట మాత్రం వద్దు, అన్నీ ఒకే కుటుంబం, ఎండు తెగులు మట్టిలోనే కాచుకుని ఉంటుంది. మొక్క జానెడు ఎదిగాక మట్టి ఎగదోయాలి. లేకపోతే పైకి తేలిన గడ్డ ఎండకు పచ్చబడుతుంది. పచ్చబడింది చేదు, విషం కూడా, తినకూడదు. వీటన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది వరిగడ్డి. బోదెల మీద నాలుగు వేళ్ల మందాన పరిస్తే మధ్యాహ్నం కూడా లోపల మట్టి చల్లగా ఉంటుంది. మా బోరు నీళ్లు ఉప్పన. వాటితో తడిపిన వరసలో ఆకు అంచులు మాడిపోయాయి, కుళాయి నీళ్లు పట్టిన వరస బాగుంది.

పందికొక్కుల సంగతికి నా దగ్గర మందు లేదు. రేపు తవ్వుదాం అనుకున్న రాత్రే వాటికి ఎలా తెలుస్తుందో!

2024 డిసెంబర్‌లో నాటినవి ఇప్పటిదాకా నా రికార్డు. రెండు కిలోలకు ఏడు కిలోల పైచిలుకు. ఆకు పసుపు తిరిగాక నీళ్లు ఆపి, వారం ఆగి, పార పెట్టకుండా చేత్తోనే తవ్వాను. కొత్త గడ్డ తొక్క బొటనవేలితో రుద్దితే తడి కాగితంలా జారిపోతుంది. అలాంటి గడ్డని తవ్విన గంటలో నూనెలో వేస్తే, పైన కరకర, లోపల వెన్న. అంగడి గడ్డకు ఆ రుచి రానే రాదు. అత్తమ్మ రెండోసారి పెట్టించుకుంది, ఏమీ అనలేదు.

విత్తనం మనమే దాచుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. బయట పెడితే మే నెల దాకా కూడా ఆగలేదు, ముడతలు పడి కుళ్ళాయి. పోయిన మార్చిలో కిలో దుంపలు కాగితంలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టాను. సెప్టెంబర్‌లో చూస్తే గట్టిగానే ఉన్నాయి. అక్టోబర్‌లో నేను ఊరెళ్లొచ్చేసరికి మా ఆయన వాటితో కుర్మా చేశారు.