కాలు పట్టు తప్పినప్పుడు: రిపోర్టు చూపడమా, కాలినే చూపడమా? ఏది మేలు?

ఉన్నట్టుండి కుడి కాలు పట్టు తప్పిన మనిషికి ఎంఆర్ఐ తీసి, అందులో ఏమీ కనబడకపోతే "అన్నీ నార్మలే, టెన్షన్ తగ్గించుకోండి" అని ఇంటికి పంపడం మనకు అలవాటైన పద్ధతి. ఫంక్షనల్ బలహీనతకే (మెదడు, నరాలు దెబ్బతినకపోయినా వాటి పనితీరు గాడి తప్పడం వల్ల వచ్చే బలహీనతకే) ప్రత్యేకమైన గుర్తులను మంచం దగ్గర వెదికి, దొరికితే జబ్బుకు పేరు పెట్టి, ఆ గుర్తును రోగికే చూపించడం రెండో పద్ధతి.

స్కానింగ్ అక్కర్లేదని ఎవరూ అనరు. హఠాత్తుగా వచ్చిన బలహీనతలో ముందు పక్షవాతాన్ని అనుమానించి తీరాలి. పైగా ఒకే మనిషిలో నరాల జబ్బూ ఫంక్షనల్ లక్షణాలూ కలిసి ఉండవచ్చు. చిక్కల్లా నార్మల్ రిపోర్టునే రోగనిర్ధారణగా చెలామణి చేయడంలో ఉంది. నడవలేక వచ్చినవారికి ఆ మాట "నువ్వు నటిస్తున్నావు" అన్నట్టే వినబడుతుంది.

1908లో అమెరికా వైద్యుడు చార్లెస్ హూవర్ వివరించిన పరీక్షకు యంత్రమేదీ అక్కర్లేదు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, చచ్చుబడిన కాలి మడమ కింద చెయ్యి పెట్టి కిందికి అదమమంటే అదమలేరు. అదే మంచి కాలిని, మనం పైనుంచి అడ్డుపెడుతుండగా ఎత్తమంటే, ఇందాక కదలని మడమే మన చేతిని గట్టిగా నొక్కుతుంది. ఒక కాలు ఎత్తితే రెండోది కిందికి ఆనడం శరీరం తలచుకోకుండా చేసే పని. "చూశారా, మీ కాలిలో బలం ఉంది, కదపాలని మీరు ప్రయత్నించినప్పుడే మెదడు కబురు సరిగా అందడం లేదు" అని ఆ క్షణంలో చెప్పగలిగితే చికిత్స అక్కడే మొదలైనట్టు. తుంటి నొప్పి ఉన్నవారిలో ఈ గుర్తు తప్పుదారి పట్టించవచ్చు కనుక దీనొక్కదాని మీదే ఆధారపడకూడదు.

పొరపాటు పడతామన్న భయం సహజమే గాని, 2005లో వెలువడిన సమీక్ష ప్రకారం 1970ల నుంచి ఈ నిర్ధారణ తప్పని తేలినది సుమారు 4 శాతం మందిలోనే. "ఇంట్లో గొడవలున్నాయా?" అన్న ప్రశ్నకు అవునన్న జవాబు రావాలన్న నియమం కూడా లేదు; మానసిక ఒత్తిడి కనబడి తీరాలన్న షరతును 2013లో అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 తీసేసింది.

మూర్ఛ కాకపోయినా ఫిట్స్‌లా వచ్చే ఫంక్షనల్ పూనికల్లో (సీజర్లలో) మాత్రం కాలి పరీక్ష పనికిరాదు. కళ్ళు గట్టిగా మూసుకుని ఉండడం, కదలికలు తగ్గుతూ పెరుగుతూ చాలాసేపు సాగడం అనుమానానికి దారి చూపుతాయి. పూనిక వచ్చినప్పుడు వీడియో తీస్తూనే మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే వీడియో ఈఈజీ తేల్చి చెబుతుంది. ముక్కు దగ్గర ఉల్లిపాయ, చేతిలో తాళాలగుత్తి పెట్టే బదులు ఇంట్లోవాళ్ళు ఫోనులో వీడియో తీయడం వైద్యుడికి ఎన్నో రెట్లు ఉపయోగం.

చికిత్సలో నడక, వణుకు సమస్యలకు నేను ఫిజియోథెరపీకే ముందు ఓటు వేస్తాను. కండరం పెంచే వ్యాయామాలకన్నా, వెనక్కి నడిపించడం వంటి వాటితో ధ్యాసను కాలి మీద నుంచి మళ్ళించడం ఇందులో కీలకం. బ్రిటన్‌లో 355 మందితో జరిపి 2024లో ప్రచురించిన పరిశోధనలో, ఏడాది తర్వాత శారీరక సామర్థ్యపు స్కోరులో ప్రత్యేక ఫిజియోథెరపీకీ మామూలు వైద్యానికీ తేడా తేలలేదు. అయినా తమకు మెరుగైందన్నవారు ప్రత్యేక ఫిజియోథెరపీ పొందినవారిలోనే ఎక్కువ. పూనికలకు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీది (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సది) కూడా దాదాపు ఇదే కథ: 2020లో వెలువడిన 368 మంది పరిశోధనలో పూనికల సంఖ్య చెప్పుకోదగినంత తగ్గకపోయినా, జీవనం మెరుగైంది. మూర్ఛ మాత్రలు మాత్రం, మూర్ఛ కూడా ఉంటే తప్ప, ఈ పూనికలను ఆపవు.