పర్లాకిమిడి బజారులో కొన్న కారు పానాలు: ఎనిమిది నెలల వాడకం తరువాత

మా ఊరివారికి కారు మెకానిక్కు కావాలంటే ఒడిశాలోని పర్లాకిమిడికి రావాలి, లేదా నది దాటి పాతపట్నం వెళ్ళాలి. ఆర్. ఉదయగిరి వైపు ఘాటు రోడ్డులో బండి మొరాయిస్తే మనిషి దొరకడమే కష్టం. అందుచేత పదేళ్ళు దాటిన నా ఆల్టోకు చిన్న పనులైనా స్వయంగా చేసుకోవాలని నిశ్చయించుకుని పనిముట్లు కొన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు కొన్నాను.

మొదట తెప్పించింది ఆన్‌లైన్‌లో విరివిగా కనిపించే 46 వస్తువుల పెట్టె. ధర తక్కువ, చూడముచ్చటగా ఉంది. అయితే ఇంటికి వచ్చాక లెక్కపెడితే సగానికి పైగా స్క్రూడ్రైవర్ బిట్లే. సాకెట్లలో, అంటే బోల్టు తలకు టోపీలా తొడిగి తిప్పే పానాలలో, అన్నిటికన్నా పెద్దది 14 మిల్లీమీటర్లది, నా బండి చక్రాల నట్లకు కావలసింది 19. అంటే ఆ పెట్టెతో స్టెప్నీ కూడా మార్చలేను. బ్యాటరీ టెర్మినల్ దగ్గరి 10 నంబరు నట్టు వరకు బాగానే నడిచింది. బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ బెల్టు బిగువు సరిచేయడానికి 12 సాకెట్టు తగిలించి కాస్త బలం పెట్టేసరికి అది టక్కున జారింది. బయటికి తీసి చూస్తే సాకెట్టు లోపలి పళ్ళు పక్కకు ఒరిగిపోయి, వేలికి మెరిసే ఇనుప రజను అంటింది. బోల్టు తల ఆరు మూలలూ అరిగి దాదాపు గుండ్రమైపోయింది. దాన్ని విప్పడానికి మెకానిక్కు పూర్తిగా ఒక పూట పట్టింది.

రెండవసారి పర్లాకిమిడి బజారులోని ఒక పాత ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్ళాను. ఈ సమీక్ష ప్రధానంగా ఆ కొట్టు గురించే. నేను సెట్టు చూపించమని అడిగితే పెద్దాయన అల్మరా తెరవకుండా, "ఏ బండి బాబూ?" అని ముందు అడిగారు. ఆల్టో అని చెప్పగానే 10, 12, 14, 17, 19 సాకెట్లు విడివిడిగా తీసి బల్ల మీద వరుసగా పెట్టారు. 13 ఎందుకు లేదని అడిగితే, "అది టాటా బళ్ళకి. మీకెందుకు, డబ్బు దండగ" అన్నారు.

ఈ మాట వెనుక ఉన్న విషయం కొత్తగా కొనేవారందరూ తెలుసుకోదగినది. పానా మీది నంబరు బోల్టు లావుది కాదు, దాని తల వెడల్పుది. ఒకే 8 మిల్లీమీటర్ల బోల్టుకు జపాన్ పద్ధతిలో తల 12 ఉంటే, ఐరోపా పద్ధతిలో 13 ఉంటుంది. 10 మిల్లీమీటర్ల బోల్టుకు జపాన్ పద్ధతిలో 14, ఐరోపా పద్ధతిలో 16 లేదా 17. సుజుకీ నుంచి వచ్చిన మారుతీ బళ్ళలో 12, 14 ఎక్కువగా కనిపించడానికీ, మా బావమరిది టాటా బండిలో 13 లేనిదే పని జరగకపోవడానికీ కారణం ఇదే. 12 తలకు 13 పానా కూడా పట్టినట్టే ఉంటుంది, తిప్పితే మూలలు పోతాయి.

సాకెట్లు లోపల ఆరు మూలలున్నవే తీసుకోమని పెద్దాయన పట్టుబట్టారు. పన్నెండు మూలలది తగిలించడం సులువే గాని, ఒత్తిడి బోల్టు మూలల అంచుల మీదే పడుతుంది. ఆరు మూలలది పక్కల మీద ఆనుతుంది. తుప్పు పట్టిన బోల్టుల దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. వాటితోపాటు సాకెట్టును తీయకుండానే ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తిప్పుకోగల అర అంగుళం రాచెట్టు, ఎక్స్‌టెన్షన్ కడ్డీ, సాకెట్టు తగిలించి బలంగా తిప్పడానికి పొడుగాటి పవర్ హ్యాండిల్, ఒక వైపు రింగు, మరో వైపు తెరిచిన నోరు ఉన్న టపారియా పానాల సెట్టు తీసుకున్నాను. 1969 నుంచి నాసిక్‌లో పనిముట్లు చేస్తున్న సంస్థ అది. అంతా కలిపి నాలుగు వేలకు కాస్త పైగా అయింది.

పవర్ హ్యాండిల్ అనవసరమనుకున్నాను, ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా అదే వాడుతున్నాను. నా బండి చక్రాల నట్లకు 85 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి. పావు మీటరు రాచెట్టుతో అయితే చివర దాదాపు 35 కిలోల బలం వేయాలి, 45 సెంటీమీటర్ల హ్యాండిల్‌తో అయితే 19 కిలోలు చాలు. పైగా బిగుసుకున్న నట్టును రాచెట్టుతో పెకలిస్తే దాని లోపలి పళ్ళు దెబ్బతింటాయి. ముందు హ్యాండిల్‌తో కదిలించి, ఆ తరువాత రాచెట్టుతో విప్పుకోవాలి.

ఎనిమిది నెలల్లో ఆయిల్ మార్చాను, బెల్టు బిగించాను, నాలుగు చక్రాలూ రెండుసార్లు విప్పాను. ఒక్క సాకెట్టూ నోరు తెరవలేదు. పానాల మీది పూత మాత్రం వానాకాలంలో అక్కడక్కడ మసకబారింది. నూనె గుడ్డతో తుడిచి పెడితే సరిపోతోంది.

కొట్టులో లోటు లేకపోలేదు. బిగువు కొలిచే టార్క్ రెంచి దొరకలేదు. బండి కిందికి దూరేటప్పుడు జాకీని నమ్మకూడదు గనుక ఎత్తిన బండిని మోసే స్టాండ్లు తప్పనిసరి, అవీ లేవు. రెండూ బరంపురం నుంచి తెప్పిస్తామన్నారు, స్టాండ్లు పదిహేను రోజులకు వచ్చాయి. టార్క్ రెంచి కోసం ఇంకా ఎదురుచూస్తున్నాను. వెళ్ళేవారు మధ్యాహ్నం కొట్టు మూసి ఉంటుందని గుర్తుంచుకుని ఉదయమే వెళ్ళాలి. బండిలోంచి విప్పిన పాత బోల్టు ఏదైనా ఉంటే జేబులో వేసుకుని వెళ్తే, పెద్దాయన సాకెట్టు దానికి తొడిగి చూపించి మరీ ఇస్తారు.